బయటి నుంచి ఫోను నమోదు చేయించే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

విశాఖలోని మీ కంపెనీ సిబ్బంది ఇళ్ల నుంచే సాఫ్ట్‌ఫోన్లలో, అంటే కంప్యూటరులోనో మొబైల్‌లోనో నడిచే ఫోను ప్రోగ్రాములలో, మాట్లాడే ఏర్పాటును నీకు అప్పగించారని, దానిని మొదట మన పర్లాకిమిడి ఇంటి నుంచే పరీక్షిస్తావని మీ నాన్న నిన్న చెప్పాడు. నేను చేసిన పని నీ చేతికి వచ్చిందని ఎంతో సంతోషించాను. కానీ ఆ పనిలో నేను చేసిన తప్పు గుర్తుకు వచ్చి రాత్రి నిద్ర పట్టలేదు.

యూజర్ నేమ్, పాస్‌వర్డు సరిచూసుకోమని నీకు చెప్పనవసరం లేదు. కాల్స్ నడిపే ఆఫీసు సర్వరు పేరుకు ఇంటి దగ్గర ఏ చిరునామా వస్తున్నదో మాత్రం చూడు, లోపలి నెట్‌వర్కుల్లో మాత్రమే వాడే 192.168తో మొదలయ్యేది వస్తే నీ అభ్యర్థన మన గడప దాటదు.

తరువాత లాగ్, అంటే ఫోనుకూ సర్వరుకూ మధ్య నడిచిన సందేశాల చిట్టా, చదువు. మొదటి రిజిస్టర్ (నమోదు) అభ్యర్థనకు 401 అనే జవాబు సంఖ్య వస్తే కంగారుపడకు, సర్వరు నీ గుర్తింపు అడుగుతున్నదంతే. రెండవసారి 200 రావాలి, అంటే నమోదైనట్లు. 403 వస్తే సర్వరు విని, కాదన్నదని అర్థం. 408 వచ్చినా, అసలు జవాబే రాకపోయినా, నీ మాట అక్కడికి చేరలేదు, లేదా జవాబు తిరిగి రాలేదు. ఈ తేడా పట్టుకోకుండా పాస్‌వర్డులు మార్చి మార్చి ప్రయత్నిస్తే, ఫెయిల్‌టుబ్యాన్ వంటి కాపలా ప్రోగ్రాము మన ఇంటి చిరునామానే అడ్డగిస్తుంది. అప్పుడు పాస్‌వర్డు తప్పు కూడా దారి తప్పులాగే కనిపిస్తుంది. నీకు చిన్నప్పటి నుంచి తొందర ఎక్కువ, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మన ఊళ్లో మరో చిక్కు ఉంది. మొబైల్ హాట్‌స్పాట్ కాసేపు ఒడిశా టవరును, కాసేపు ఆంధ్రలోని పాతపట్నం వైపు టవరును పట్టుకుంటుంది. అలా మారినప్పుడు నీ చిరునామా కూడా మారితే, సర్వరు పాత చిరునామాకే కాల్స్ పంపుతూ ఉంటుంది. ఇంటి రౌటరులోనూ ఫోను సందేశాలు వెళ్లే యూడీపీ అనే దారి కొద్దిసేపు వాడకపోతే మూసుకుపోతుంది కనుక, నమోదైనట్లే కనిపించినా ఫోను మోగదు. 20, 25 సెకన్లకొకసారి కీప్-అలైవ్, అంటే దారిని తెరిచి ఉంచే చిన్న సందేశం, పంపేటట్లు పెట్టు, ఫోను సందేశాలను మధ్యలో మార్చే సిప్ ఏఎల్‌జీ అనే సౌకర్యాన్ని రౌటరులో ఆపివేయి.

ఇక నా తప్పు సంగతి. బరంపురంలో ఒక వ్యాపార సంస్థ టెలిఫోన్లు చూసుకునే రోజుల్లో, గుణుపూరులో ఉండే మేనేజరుగారి ఫోను ఒక్కటే బయటి నుంచి నమోదు కావలసి ఉండేది. ఆఫీసు నెట్‌వర్కుకు కాపలా గోడ అయిన ఫైర్‌వాల్‌లో, ఫోన్ల నమోదుకు వాడే తలుపును, అంటే 5060 పోర్టును, ఆయన ఇంటి చిరునామాకు మాత్రమే తెరిచాను. అయితే వారి ఇంట కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ చిరునామా మారేది, ఆయన నాకు కబురు చేసేవారు, నేను కొత్తది చేర్చేవాడిని. ఒక శనివారం సాయంత్రం, ఇంట్లో మీ పెద్దమ్మకు జ్వరం, నాకు బస్సు వేళ దాటిపోతోంది. విసుగెత్తి ఆ పోర్టును లోకమంతటికీ తెరిచాను. పాస్‌వర్డు మీద అనుమానం కూడా తీరుతుందని, 201 అనే ఆయన ఎక్స్‌టెన్షన్‌కు, అంటే ఆఫీసు లోపలి ఫోను నంబరుకు, 201నే పాస్‌వర్డుగా పెట్టాను. వెంటనే నమోదైంది. సోమవారం సరిచేయవచ్చునని బస్సెక్కాను.

తెరిచి ఉన్న 5060ని వెతికే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయని నాకు అప్పటికే తెలుసు. మా చిన్న ఆఫీసు ఎవరి కంట పడుతుందిలే అనుకున్నాను. సోమవారం వెళ్లేసరికి లైన్లన్నీ బిజీగా ఉన్నాయి. నేను పేరైనా వినని దేశాలకు 201 నుంచి రెండు రాత్రులు కాల్స్ వెళ్లాయి. యజమాని నన్ను తిట్టలేదు. బిల్లు వచ్చిన రోజున దానిని నా ముందు పెట్టి, "తలుపు తీసింది మీరేనా?" అని మాత్రం అడిగారు. అవునన్నాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నారు.

అందుచేత సిబ్బందిని వీపీఎన్ అనే రహస్య దారి ద్వారానే ఆఫీసు నెట్‌వర్కు లోపలికి రప్పించు. అది కుదరకపోతే సందేశాలను గుప్తీకరించే టీఎల్ఎస్‌తో 5061 పోర్టు వాడు, ఒక్కొక్క ఎక్స్‌టెన్షన్‌కు ఒక్కొక్క పొడవైన పాస్‌వర్డు పెట్టు, అవసరం లేని విదేశీ కాల్స్ మూయించు. పరీక్ష కోసం ఏదైనా తెరిస్తే, ఆ పూటే మూసి, మూసిన వేళను కాగితం మీద రాసుకో.

శనివారం సాయంత్రం మాత్రం ఏ పోర్టూ తెరవకు, తల్లీ. తప్పనిసరైతే నాకు ఫోను చెయ్యి. నువ్వు మూసేదాకా నేను లైనులోనే ఉంటాను.

మీ పెదనాన్న