దూరం నుంచి జింక వేటకి ఏ హ్యాండ్‌గన్, ఏ తూటా?

అమెరికాలో లైసెన్స్‌తో, 300 గజాల దాకా జింకను హ్యాండ్‌గన్‌తో కొట్టాలంటే ఏది కొనాలని అడిగారు.

.44 మాగ్నమ్ రివాల్వర్ మంచిదే, కానీ 100 గజాలు దాటితే దాని బుల్లెట్ గబగబా కిందికి జారిపోతుంది. నా ఓటు సింగిల్ షాట్‌కే (ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పట్టే గన్): థాంప్సన్ సెంటర్ ఎన్‌కోర్, 15 అంగుళాల బ్యారెల్, 7ఎంఎం-08 తూటా. అదే కంపెనీ పాత మోడల్ కంటెండర్ ఫ్రేమ్ ఈ తూటా ఒత్తిడికి ఆగదు. అందులో 7-30 వాటర్స్ అనే తూటా వాడతారు.

పొట్టి బ్యారెల్‌లో వేగం తగ్గుతుంది. 140 గ్రెయిన్ల (సుమారు 9 గ్రాముల) బుల్లెట్ సెకనుకు సుమారు 2,500 అడుగుల వేగంతో బయల్దేరి, 300 గజాల దగ్గర 2,000కి పడిపోతుంది. అందుకే తక్కువ వేగంలోనూ తగలగానే విచ్చుకునే బుల్లెట్ తీసుకోండి. విచ్చుకోకపోతే సన్నగా దూసుకుపోతుంది, జంతువు గాయంతో గంటల తరబడి నరకం చూస్తుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

స్కోప్ (గురి చూసే దుర్బిణి) కూడా హ్యాండ్‌గన్‌దే కావాలి. రైఫిల్ స్కోప్‌కి కన్ను మూడు నాలుగు అంగుళాల్లో ఉండాలి. చేయి చాచి పట్టుకుంటే అందులో ఏమీ సరిగా కనిపించదు. కాల్చేటప్పుడు ఇసుక సంచిని గన్ ముందు భాగంలో ఉండే పట్టు కింద పెట్టండి, బ్యారెల్ కింద కాదు. 300 గజాల నుంచి ఐదుకి ఐదు బుల్లెట్లూ ఎనిమిది అంగుళాల పళ్ళెంలో పడేదాకా ఆ దూరంలో జంతువు మీద గురిపెట్టకండి. హ్యాండ్‌గన్ వేట నిబంధనలు రాష్ట్రానికో రకం, కొనేముందే చూసుకోండి.