ఒకటో తేదీ పింఛనును వాయిదాలకు రాసిచ్చేస్తారా?

ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకురాలు రాశారు. వయసు 27, బీకాం చదివారు. చిన్నప్పటి నుంచి ఎడమ కాలు బలహీనం. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రంలో 60 శాతం ఉంది, నెలకు రూ.6,000 దివ్యాంగ పింఛను వస్తోంది. ఇంట్లో తల్లి, తను ఇద్దరే. తల్లికి కూలి పనుల మీద నెలకు రూ.4,000 వరకు వస్తుంది. అన్నయ్య పెళ్లయి వేరే బియ్యం కార్డులో ఉన్నారు.

విశాఖలో మూడు నెలల ఉచిత శిక్షణ దొరికింది. కంప్యూటర్ మీద ఖాతాలు రాయడం నేర్పిస్తారు. ఆ తర్వాత రూ.13,500 జీతం, పీఎఫ్, ఈఎస్ఐతో ఉద్యోగం అంటున్నారు. మేనమామ మాత్రం "ఏటే, ఇంటికొచ్చే పింఛనీ వదులుకుంటావా? ఎల్తే ఎల్లు, జీతం మాత్రం చేతికిమ్మని అడుగు" అంటున్నారట. ఆయన చెప్పిన రెండో దారి ఊళ్లోనే జిరాక్సు, ఆన్‌లైన్ సేవల దుకాణం. దానికి రూ.1,80,000 కావాలి. అందులో రూ.60,000 అమ్మ పేరున మైక్రోఫైనాన్స్‌లో, మిగతా రూ.1,20,000 టౌనులో తెలిసినాయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి తీసుకుని, వాయిదాలు పింఛనుతో కట్టేయాలని ఆలోచన. బ్యాంకులో సొంత డబ్బు రూ.11,000. "ఏది చేస్తే పింఛను పోకుండా ఉంటుంది?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పింఛను ఎలా నిలబెట్టుకోవాలని అడిగారు కానీ, పింఛను ఆగిన నెలలో ఇల్లు ఎలా నడుస్తుందన్న ఊసే అందులో లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి నాకొచ్చే ఇలాంటి ఉత్తరాలన్నీ ఇంచుమించు ఇంతే. పింఛనును ప్రభుత్వ ఉద్యోగం జీతంలా లెక్కేసుకుని దాని మీద అప్పు ఎత్తుతారు. మీకు జవాబు రాయడానికి కూర్చున్నది అందుకే.

ముందు ఆ అప్పు సంగతి తేల్చేద్దాం. మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. ఏడాదికి అది నూటికి 36. రూ.1,20,000 మీద నెలకు రూ.3,600 ఒట్టి వడ్డీయే పోతుంది. మైక్రోఫైనాన్స్ రూ.60,000కు వడ్డీ 24 శాతం, గడువు రెండేళ్లు అనుకుంటే వాయిదా దాదాపు రూ.3,170. రెండూ కలిపితే రూ.6,770. మీ పింఛను రూ.6,000. మొదటి నెలలోనే రూ.770 తక్కువ! రెండేళ్లయ్యాక మైక్రోఫైనాన్స్ తీరుతుంది, టౌను ఆయనకు అప్పటికి రూ.86,400 వడ్డీ కట్టి ఉంటారు, అసలు రూ.1,20,000 మాత్రం అలాగే కూర్చుని ఉంటుంది. దుకాణం అద్దె, కరెంటు, మిషను రిపేరు, మీ ఇద్దరి తిండి నేనింకా లెక్కలోకే తీసుకోలేదు. ఈ లెక్క మీ మామయ్య కాగితం మీద వేసి ఉంటే ఆ మాట నోటి నుంచి వచ్చేది కాదు.

విజయనగరం జిల్లాలో ఒక ఊరికి పని మీద ఒకటో తేదీ పొద్దున్నే వెళ్లాను. గ్రామ సచివాలయం ఉద్యోగి వచ్చి అరుగు మీద కూర్చుని ఒక దివ్యాంగుడి వేలిముద్ర తీసుకుని నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. సందు మొగలో బండి స్టాండు వేసుకుని ఒకడు అప్పటికే నిలబడి ఉన్నాడు. ఉద్యోగి పక్కింటికి మళ్లగానే ఇతను వచ్చి చెయ్యి చాచాడు. ఆ నోట్లు జేబులోకి కూడా వెళ్లలేదు, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోయాయి. ఆయన లేచి లోపలికి వెళ్లి, టీకి పాల డబ్బులు లేవని కోడలితో అంటుంటే విన్నాను. తనకు పింఛను వస్తోందనే ఆయన అనుకుంటున్నాడు, నిజానికి వస్తున్నది ఆ బండివాడికి. ఊరి పేరూ మనిషి పేరూ అనవసరం, మీ మండలంలోనూ ఇలాంటి సందులు ఉంటాయి.

పైగా ఈ డబ్బు ఎప్పటికీ ఇలాగే వస్తుందని పూచీ ఎవరిస్తారు? 2019లో రూ.3,000 అయింది, 2024లో రూ.6,000 అయింది, మంచిదే. పెరిగినా తగ్గినా అది మన చేతిలో లేదు. 2025లో ధ్రువపత్రాలను మళ్లీ పరిశీలించి నోటీసులు ఇచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో టెన్షన్ పడ్డారో మీకూ తెలిసే ఉంటుంది. నోటీసు వచ్చిందని టౌను ఆయన వడ్డీ ఆపడు. మైక్రోఫైనాన్స్‌లో అయితే మీ వాయిదా కోసం గ్రూపులోని ఆడవాళ్లంతా మీ అమ్మ గుమ్మంలోకి వస్తారు. అప్పు వద్దు, ఈ మాట మళ్లీ అడగొద్దు.

ఇక శిక్షణ. పింఛను అర్హతలో చూసేది కుటుంబ ఆదాయం, పొలం, కారు, కరెంటు యూనిట్లు, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను లాంటివి. మీరు ఏదైనా నేర్చుకుంటున్నారా అని కాదు. శిక్షణలో చేరినంత మాత్రాన పింఛను పోదు, నిశ్చింతగా వెళ్లండి. ఒకటి మాత్రం అడిగి రాయించుకోండి. అక్కడివాళ్లు ఉద్యోగం "ఇస్తాం" అన్నారా, "చూపిస్తాం" అన్నారా? ఈ రెండు మాటలకీ చాలా తేడా ఉంది.

జీతం మొదలయ్యాక మాట వేరు. పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు రూ.10,000 దాటకూడదు, పట్టణాల్లో రూ.12,000. మీ అమ్మగారి నాలుగు వేలకు మీ జీతం కలిస్తే పరిమితి దాటిపోతారు. బియ్యం కార్డుకూ అదే పరిమితి. దాచిపెట్టే ఉపాయం చెబుతానని ఎదురు చూడకండి, చెప్పను. అయితే పోయేది పింఛను, బియ్యం కార్డు మాత్రమే. సదరం పత్రం ఎక్కడికీ పోదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకున్న 4 శాతం రిజర్వేషన్ మీకు రేపూ ఉంటుంది.

మీ మామయ్య లెక్క పూర్తిగా తప్పని అనను. జీతం రూ.13,500లో పీఎఫ్‌కు రూ.1,620, ఈఎస్ఐకి రూ.102 పోతే చేతికి రూ.11,778. హాస్టల్‌కు భోజనంతో రూ.5,500, చేతిఖర్చు రూ.1,500 వేసుకుందాం. సిటీ బస్సు స్త్రీశక్తి పథకం పుణ్యమా అని ఉచితం. మిగిలేది రూ.4,778. ఇంట్లో కూర్చుంటే రూ.6,000 వస్తుంటే పొద్దున్నే లేచి పరుగులు పెట్టి రూ.4,778 మిగుల్చుకోవడం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఇంట్లో ఉన్నా మీరు అన్నం తింటారు కదా, ఆ ఖర్చు ఆయన తీసేయలేదు. పీఎఫ్ కూడా వేయలేదు. మీ రూ.1,620తో పాటు యజమాని కట్టే రూ.1,620లో రూ.1,125 ఉద్యోగుల పింఛను పథకానికి పోగా రూ.495 మీ పీఎఫ్ ఖాతాలో పడుతుంది. అంటే నెలకు రూ.2,115 మీ పేరున పోగవుతుంది. రూ.4,778తో కలిపితే రూ.6,893. ఇప్పుడు చెప్పండి, ఏది ఎక్కువ?

జీతం లెక్కల్లో చూపకుండా చేతికిమ్మని అడగడం వల్ల లాభపడేది యజమాని. పీఎఫ్, ఈఎస్ఐ కింద తన వాటా నెలకు రూ.2,000కు పైగా ఆయనకు మిగిలిపోతుంది. మీరు అడగడమే ఆలస్యం, సంతోషంగా ఒప్పుకుంటాడు. మీకు మాత్రం ఈఎస్ఐ కార్డు ఉండదు. ఆ కార్డు మీతో పాటు మీ మీద ఆధారపడ్డ అమ్మగారికీ వైద్యం ఇస్తుంది. మామూలు ఉద్యోగులకు ఈఎస్ఐ జీతం పరిమితి రూ.21,000, దివ్యాంగులకు రూ.25,000. కాబట్టి రెండు మూడు ఇంక్రిమెంట్లు వచ్చినా మీరు అందులోనే ఉంటారు. రేపు ఆఫీసు మెట్ల మీద కాలు జారి పడితే, కాగితం మీద లేని ఉద్యోగి ఆఫీసుకు ఏమీ కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీకు వేధించినట్టుగా అనిపించినా చెబుతాను: అత్యవసర నిధి. జీతం ఉన్నవాళ్లందరికీ ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమని చెబుతుంటాను, మీకు ఆరు నెలలు చాలవు. ఎందుకంటే ఉద్యోగం పోయిన మరుసటి నెల పింఛను దానంతటదే తిరిగి రాదు. మళ్లీ అర్జీ పెట్టాలి, పరిశీలన జరగాలి, మంజూరు కావాలి. దానికి ఎన్నాళ్లు పడుతుందో మీ ఊరి సచివాలయంలో కూడా ఎవరూ తేదీ రాసివ్వరు. అటు జీతం పోయి, ఇటు పింఛను రాక మధ్యలో నిలబడే ఆ నెలలే మనుషుల్ని మూడు రూపాయల వడ్డీ దగ్గరికి తీసుకెళ్తాయి. మీ భయం కూడా, నా అంచనాలో, పింఛను పోతుందని కాదు. ఆ మధ్య నెలల భయం. దాన్ని పింఛను ఉండగానే, పింఛను డబ్బుతోనే తీర్చుకోవచ్చు.

శిక్షణ కాలంలో విశాఖలో పిన్ని ఇంట్లో ఉంటానని రాశారు. చేతిఖర్చు రూ.1,500, అమ్మకు రూ.1,000 పోగా పింఛనులో రూ.3,500 మిగులుతుంది. మూడు నెలలకు రూ.10,500. బ్యాంకులో ఉన్న రూ.11,000 కలిపితే రూ.21,500. మొదటి జీతం వచ్చేలోపు హాస్టల్‌కు, మీ ఖర్చుకు, అమ్మకు కలిపి రూ.8,000 పోతుంది, చాలామంది ఈ నెలను మరిచిపోయే అప్పు చేస్తారు. రూ.13,500 మిగిలింది. ఉద్యోగం మొదలయ్యాక అమ్మకు రూ.1,000 పంపి, బ్యాంకులో నెలకు రూ.2,500 చొప్పున ఏడాది గడువు రికరింగ్ డిపాజిట్ కట్టండి. అప్పటికీ మీ చేతిలో వెయ్యికి పైగా ఉంటుంది. ఏడాదికి రూ.30,000, మొత్తం రూ.43,500.

ఈ మొత్తం ఎన్నాళ్లకు సరిపోతుందో చూడండి. ఉద్యోగం పోయి ఊరికి వచ్చేశారనుకోండి. మీ ఇద్దరికీ నెలకు రూ.8,500 కావాలన్నారు, అమ్మగారి సంపాదన రూ.4,000. లోటు రూ.4,500. రూ.43,500తో తొమ్మిది నెలలు దాటి నడుస్తుంది. తొమ్మిది నెలల్లో ఇంకో ఉద్యోగమైనా దొరుకుతుంది, అర్జీ అయినా కదులుతుంది. డిపాజిట్ మీ పేరునే ఉండాలి. చీటీ పాటలో వేయొద్దు, అన్నయ్య దగ్గర దాచొద్దు, బంగారం కొనొద్దు. పండక్కి అత్యవసరం అంటూ ఏమీ ఉండదు, అందులోంచి చీర కూడా రాకూడదు.

మిగతావి క్లుప్తంగా. ఏడాదికి రూ.20 ప్రమాద బీమా, రూ.436 జీవన జ్యోతి బీమా రెండూ బ్యాంకు ఖాతాలోంచి కట్ అయ్యేలా రేపే పెట్టించండి. దుకాణం మీద ఆశ చావకపోతే రెండేళ్ల తర్వాత చూద్దాం. సొంత వ్యాపారానికి సబ్సిడీతో బ్యాంకు రుణం ఇప్పించే కేంద్ర పథకం పీఎంఈజీపీలో పల్లెలో యూనిట్ పెట్టే దివ్యాంగులకు 35 శాతం సబ్సిడీ ఉంది, సొంత వాటా 5 శాతం చాలు. దాని కోసం మూడు రూపాయల వడ్డీ ఆయన గుమ్మం తొక్కాల్సిన పని లేదు.

వెళ్లే ముందు సదరం పత్రం తీసి అది శాశ్వతమా, గడువున్నదా చూసుకోండి. గడువుంటే ఆ తేదీ కంటే ముందే స్లాట్ బుక్ చేసుకోవాలి. ఉద్యోగం ఖాయమై జీతం పడటం మొదలయ్యాక సచివాలయానికి వెళ్లి మీరే చెప్పండి, వాళ్లు పట్టుకున్నాక సంజాయిషీ ఇచ్చుకోవడం కంటే అది గౌరవంగా ఉంటుంది. శిక్షణ మూడు నెలలూ పింఛను కోసం ఇంటికి రావాలి. ఒక నెల, రెండు నెలలు తీసుకోలేకపోయినా తర్వాత కలిపి ఇచ్చే వీలు 2024 చివర్లో తెచ్చారు, వరుసగా మూడు నెలలు వదిలేస్తే మాత్రం ఆగిపోయే ప్రమాదం ఉంది. విశాఖ నుంచి శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు రెండు గంటల ప్రయాణమే. ఒకటో తేదీ సెలవైతే ముందు రోజే ఇచ్చేస్తుంటారు, క్యాలెండర్ చూసుకుని రైలెక్కండి.