చెన్నై నుంచి దుబాయ్‌కి విమాన దూరం, ప్రయాణ సమయం ఎలా లెక్కగట్టాలి?

రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, గుండ్రటి భూమి మీద వాటి మధ్య అతి దగ్గరి దారి ఎన్ని కిలోమీటర్లో చూస్తారు. ఆ దూరాన్ని గంటకు 800 కి.మీ. వేగంతో భాగించి, పైన ఓ అరగంట కలిపితే సమయం ఇంచుమించుగా వచ్చేస్తుంది. ఆ అరగంట ఎందుకంటే, రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, పైకెక్కడం, కిందికి దిగడం, ఇవేవీ పూర్తి వేగంతో జరగవు.

నెల్లూరు, కావలి వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్లేవాళ్లలో చాలామంది చెన్నైలోనే విమానం ఎక్కుతారు. చెన్నై నుంచి దుబాయ్ సుమారు 2,930 కి.మీ. అంటే 3 గంటల 40 నిమిషాలు, అరగంట కలిపితే 4 గంటల 10 నిమిషాలు. వచ్చేటప్పుడు సాధారణంగా కాస్త తగ్గుతుంది. విమానం ఎగిరే ఎత్తులో గాలి, ముఖ్యంగా చలికాలంలో, పడమర నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది కాబట్టి.

ఎక్కువమంది పొరబడేది టికెట్ మీది టైముల దగ్గర. ఉదయం 10:00కి బయల్దేరి 12:40కి దిగుతామని ఉంటే 2 గంటల 40 నిమిషాల ప్రయాణమే అనుకుంటారు. అవి ఏ ఊరి టైము ఆ ఊరిది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. వెళ్లేటప్పుడు టికెట్ మీది రెండు టైముల తేడాకి గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి.