డిగ్రీ అయ్యాక స్నేహితులు దూరమైతే తప్పు మనదేనా?

అనంతపురంలో రోజూ కలిసి తిరిగినవాళ్లు బెంగళూరు ఉద్యోగాల్లో పడ్డాక ఫోన్ కూడా చెయ్యట్లేదు, నాలో ఏమైనా లోపముందా అని అడిగారు. లేదండీ. ఒకే బెంచీ, ఒకే బస్సు, సాయంత్రం క్లాక్ టవర్ దగ్గర టీ, ఇవన్నీ మనం ఏ ప్రయత్నమూ చెయ్యకుండానే గంటలు గంటలు కలిపి ఉంచేవి, ఇప్పుడు ఆ గంటలు మనమే వెతుక్కోవాలి. కాన్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018 అధ్యయనం ప్రకారం పరిచయం మామూలు స్నేహం కావడానికే సుమారు 50 గంటలు పడుతుంది, దగ్గరి స్నేహానికైతే 200 పైనే, అందులోనూ కలిసి పనిచేసిన సమయానికి అంత బలం లేదు. కాబట్టి కొత్త ఊళ్లో రెండు నెలలకే ఎవరూ దొరకలేదని టెన్షన్ పడొద్దు. పాతవాళ్లలో ఇద్దరు ముగ్గురికి మీరే ముందు ఫోన్ చెయ్యండి. ఉగాదికి ఊరొస్తే "ఎప్పుడైనా కలుద్దాం" అనకుండా, ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ అని చెప్పి పిలవండి.