2010 సీజన్‌లో సియాటిల్ సీహాక్స్ 7 గెలిచి 9 ఓడి కూడా ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ప్రొఫెషనల్ లీగ్) ప్లేఆఫ్స్‌కి ఎలా వెళ్ళింది?

వాళ్ళ డివిజన్‌లో ఫస్ట్ వచ్చారు కాబట్టి వెళ్ళారు, అంతే. ఎన్ఎఫ్ఎల్‌లో 32 టీములు, నాలుగేసి చొప్పున 8 డివిజన్లు, ప్రతి డివిజన్ విన్నర్‌కీ బెర్త్ గ్యారంటీ, మిగిలిన వైల్డ్ కార్డ్ బెర్తులే మిగతా టీముల రికార్డ్ చూసి ఇస్తారు. ఆ ఏడాది సీహాక్స్ ఉన్న డివిజన్ ఎన్ఎఫ్‌సీ వెస్ట్‌లో అన్నీ వీక్ టీములే, ఆఖరి మ్యాచ్‌లో సీహాక్స్ అదే డివిజన్‌లోని రామ్స్‌ని 16-6తో కొట్టాక రెండూ 7-9 అయ్యాయి, డివిజన్ లోపలి మ్యాచుల్లో సీహాక్స్ ఎక్కువ గెలిచింది కాబట్టి బెర్త్ వాళ్ళకే వచ్చింది. 10-6 ఉన్న జెయింట్స్, బక్కనీర్స్ మాత్రం బయటికే, పాపం.

చాలామంది ఐపీఎల్ పాయింట్స్ టేబుల్‌లాగా లీగ్ మొత్తంలో పైనున్నవాళ్ళే వెళ్తారనుకుంటారు, అలా కాదు. పైగా డివిజన్ విన్నర్‌కి మొదటి ప్లేఆఫ్ మ్యాచ్ సొంత గ్రౌండ్‌లోనే, అందుకే 11-5 ఉన్న సెయింట్స్ సియాటిల్ వచ్చి ఆడాల్సొచ్చింది, 41-36తో ఓడిపోయింది కూడా.