1/35 స్కేలు టైగర్-1 (రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు) ప్లాస్టిక్ మోడల్ కిట్‌కి జిమ్మెరిట్ పూత వేయాలా? వేస్తే ఎలా?

ముందు మీరు ఏ కాలపు ట్యాంకు కడుతున్నారో తేల్చుకోండి. అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా వేసిన ఈ గరుకు పూత 1943 ఆగస్టు-సెప్టెంబరులో ఫ్యాక్టరీల్లో మొదలై, 1944 సెప్టెంబరులో ఆగిపోయింది. కాబట్టి అంతకు ముందే ట్యునీషియా, కుర్‌స్క్ యుద్ధాల్లో పోరాడిన టైగర్లకు అక్కర్లేదు.

వేయాలంటే రెండు భాగాల ఎపాక్సీ పుట్టీ మేలు. ట్యూబు పుట్టీలో ద్రావకం ఉంటుంది, మందంగా పూస్తే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ప్లాస్టిక్‌ను 400 నంబరు ఎమరీ కాగితంతో గరుకు చేయండి, లేకపోతే పూత పెచ్చులూడుతుంది. పుట్టీ రెండు భాగాలను సమపాళ్లలో కలిపి, తడివేలితో వీలైనంత పల్చగా పరచండి. అసలు పూతే కొన్ని మిల్లీమీటర్లు, ఈ స్కేలులో అది కాగితమంత! చాలామంది చెడగొట్టేది ఇక్కడే. కాస్త బిగిశాక తడి బ్లేడుతో అడ్డగీతలు నొక్కండి. తొందరపడితే పుట్టీ బ్లేడుకి అంటుకొని లేచొస్తుంది. చక్రాలకు మాత్రం పూయొద్దు.