వయొలిన్ టీచర్లంతా కలిసి పాఠాలు ఒకచోట పెట్టడం: నా సమాధానం

కర్ణాటక వయొలిన్ పాఠాలన్నీ ఒకచోట పెడదామంటే నలుగురు టీచర్లు నాలుగు రకాలుగా నొటేషన్ (స్వరాలు రాసే పద్ధతి) పంపుతున్నారు, కలపడం కుదరట్లేదు అన్నారు కదండీ. నొటేషన్ సంగతి తర్వాత, ముందు శ్రుతి, అంటే ‘స’ ఏ స్థాయిలో ఉండాలో, ఒకటి ఖాయం చేసుకోండి. ఒకరు డి షార్ప్‌లో, ఇంకొకరు ఎఫ్‌లో రికార్డు చేస్తే పాఠం మారినప్పుడల్లా పిల్లలు నాలుగు తీగలూ మళ్లీ స-ప-స-ప స్వరాలకి బిగించుకుంటూ కూర్చోవాలి. మాయామాళవగౌళ రాగంలో మొదటి సరళీ వరస (మొదట్లో నేర్పే స్వరాల అభ్యాసం) ఒక్కటే అందర్నీ పంపమనండి, మూడు కాలాల్లో (వేగాల్లో), ఎడమచేతి వేళ్లూ కమాను తిప్పే చోటూ రెండూ కనిపించేలా.

నొటేషన్‌కి గూగుల్ షీట్ చాలు: ఆదితాళానికి ఎనిమిది గడులు, మొదటి కాలంలో గడికో స్వరం, రెండో కాలంలో రెండు. గమకం (స్వరాన్ని ఊపడం) గుర్తుల మీద గొడవ ఎలాగూ వస్తుంది, అది తర్వాత నేర్పే వర్ణాలనే రచనల దగ్గర చూసుకోవచ్చు.

అచ్చు పుస్తకాల పేజీలు మాత్రం స్కాన్ చేసి పెట్టకండి. త్యాగరాజ కృతి మీద ఎవరికీ కాపీరైట్ లేకపోయినా ఆ నొటేషన్ రాసినవాళ్లకి ఉండొచ్చు.